సాక్ష్యమునకు ఆయువెంత?

గుంటూరు దాపుననున్న పెదకాకాని ప్రాంతపు మిరప రైతునకు ఒక సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. కల్లములో బాగుగ ఎండిన కాయ నెలల తరబడి నిలుచును. చెమ్మ ఆరకముందే గోతాములో కుక్కిన కాయకు కొద్ది దినములలోనే బూజు పట్టును. అత్యాచారమునకు గురియైన వారి దేహముపైనను, వస్త్రములపైనను మిగిలిన జీవకణముల గతియు ఇంతే. చెమ్మయందు సూక్ష్మజీవులు పెరిగి వానిని తినివేయును. పొడిగానున్నచో అవి నిలుచును.

విషయము కటువైనదే. కాని పై తరగతుల విద్యార్థులకు దీనిని చెప్పకుండుటయే ఎక్కువ హాని. "మూడు దినములైనది, స్నానము కూడ చేసినది, ఇంక ఏమి దొరకును?" అను మాట ఫిర్యాదును గడప దాటనీయదు. ఈ మాట ఒకప్పుడు చాలవరకు నిజము. నేడు కాదు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో చూతము.

హాలెండు దేశపు లీవెన్‌హుక్ 1677లో తన సూక్ష్మదర్శినిలో శుక్రకణములను చూచెను. పందొమ్మిదవ శతాబ్దములో వైద్యులు వస్త్రములపై మరకలలో ఆ కణములనే వెదకిరి. ఇందు చిక్కు ఏమన, శుక్రకణము తోక త్వరగా ఊడిపోవును. తల మాత్రము కొన్ని దినములుండును. తోక లేని తలను ఇతర కణములనుండి వేరుగ గుర్తించుట కష్టము. 1940ల దశకములో వచ్చిన ఆసిడ్ ఫాస్ఫటేజ్ పరీక్షయు రెండు దినములు గడచిన తరువాత అంతగా పనికిరాదు. డెబ్బదిరెండు గంటల గడువు అను అభిప్రాయము ఈ పాత పద్ధతులకు తగినది. మరియు, శుక్రము ఉన్నదని సూక్ష్మదర్శిని చెప్పగలదు కాని, అది ఎవరిదో చెప్పజాలదు.

ఎవరిదో చెప్పు ఉపాయము 1984 సెప్టెంబరులో ఇంగ్లండులోని లెస్టరు విశ్వవిద్యాలయమున ఆలెక్ జెఫ్రీస్‌కు దొరకెను. మరుసటి సంవత్సరము పీటర్ గిల్, జెఫ్రీస్, వెరెట్ అనువారు కలిసి మరియొక మెలకువను ప్రకటించిరి. నా దృష్టిలో ఈ చరిత్రలో అందమైన ఘట్టము ఇదియే. స్త్రీ కణములు, పురుషుని శుక్రకణములు కలిసిపోయిన నమూనాలో వానిని వేరుచేయుట ఎట్లు? సబ్బువంటి ద్రావణము, మాంసకృత్తులను కరగించు ఎంజైము కలిపినచో స్త్రీ కణములు పగులును. శుక్రకణపు తల పగులదు. దాని మాంసకృత్తులు గంధకపు బంధములతో గట్టిగ అల్లుకొనియుండును. మొదటి ద్రవమును తీసివేసి, ఆ బంధములను తెంచు రసాయనమును చేర్చినచో పురుషుని డి.ఎన్.ఏ. వేరుగ చేతికి వచ్చును.

లెస్టరు సమీపమున 1983లో ఒక బాలిక, 1986లో మరియొక బాలిక హత్యకు గురియైరి. రెండవ నేరమును పదునేడేండ్ల యువకుడొకడు ఒప్పుకొనెను. పోలీసులు రెండు నమూనాలను జెఫ్రీస్‌కు పంపిరి. రెండు నేరములు చేసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఈ యువకుడు కాడు! అసలు నేరస్థుడు కాలిన్ పిచ్‌ఫోర్క్‌కు 1988లో యావజ్జీవ శిక్ష పడెను. మూడేండ్లనాటి నమూనా పలికినదని గమనించవలెను.

మన హైదరాబాదు పాత్ర తక్కువది కాదు. కాశీలో విద్యార్థిగా పాముల లింగ క్రోమోసోములను పరిశోధించిన లాల్జీ సింగ్, 1987లో సి.సి.ఎం.బి.లో చేరి, పట్టెల కట్లపాము డి.ఎన్.ఏ. ముక్కనుండి స్వదేశీ పరీక్షా సాధనమును సిద్ధపరచెను. పాము మనిషిని గుర్తుపట్టుటకు పనికివచ్చుట విచిత్రము కదా!

ఇక గడువుల మాట. దేహమున ఎక్కడనుండి నమూనా తీసిరను దానినిబట్టి ఇవి మారును. బ్రిటనులో న్యాయవైద్యులు యోనినుండి ఏడు దినములవరకు, గుదమునుండి మూడు దినములవరకు, నోటినుండి రెండు దినములవరకు నమూనాలు తీయుదురు. ఇవి పై హద్దులు. గంట గడచిన కొలది అవకాశము తగ్గును. చిన్నపిల్లలలో ఇంకను త్వరగా తగ్గును. వారి విషయమున పక్కబట్టలు, దుస్తులే ఎక్కువ ఉపయోగపడును. స్నానము అంతయు తుడిచివేయదు. ఉతికిన నూలు బట్టనుండి సైతము శుక్రపు డి.ఎన్.ఏ. లభించిన పరిశోధనలు కలవు. వాసెక్టమీ అయిన పురుషుని విషయమున శుక్రకణములుండవు. అప్పుడు ఇతర కణములలోని వై క్రోమోసోము తోడ్పడును. అయితే అది తండ్రి వంశమును చూపునుగాని అన్నదమ్ములను వేరుచేయదు. ఏమియు దొరకనిచో నేరము జరుగలేదని అర్థము కానేకాదు.

దేహములో నశించక, దారిలో నశించు సాక్ష్యమును కలదు. 1996లో ఢిల్లీలో ఒక న్యాయవిద్యార్థిని హత్యకు గురియయ్యెను. నమూనాల పరీక్ష హైదరాబాదులో జరిగెను. నమూనాలను భద్రపరచిన తీరును శంకించి 1999లో క్రింది కోర్టు నిందితుని విడిచిపెట్టెను. 2006లో హైకోర్టు ఆ డి.ఎన్.ఏ. సాక్ష్యమును అంగీకరించి శిక్షించెను. 2010లో సుప్రీంకోర్టు నేరనిర్ణయమును స్థిరపరచెను. సీలు, సంతకము, తేదీ అనునవి గుమాస్తా పనులుగ కనిపించును. ఇచ్చట అవియే పదేండ్లు మ్రింగినవి.

భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకములలో తొంబదియారు గంటలవరకు దేహమునుండి నమూనాలు తీయవచ్చుననియు, వస్త్రాదులపై సాక్ష్యమును ఆ తరువాత కూడ సేకరించవచ్చుననియు ఉన్నది. పరీక్షకు ముందుగా పోలీసు ఫిర్యాదు ఉండనక్కరలేదు. బాధితురాలి సమ్మతి తప్పనిసరి. ఉచిత చికిత్స ప్రభుత్వాసుపత్రికే గాక ప్రైవేటు ఆసుపత్రికిని చట్టము విధించిన బాధ్యత. పెదకాకానివారికి గుంటూరు పెద్దాసుపత్రి చేరువలోనే కలదు.

వస్త్రములను ఉతుకక, కాగితపు సంచిలో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచి చెమ్మను బంధించును. తడిగనున్నచో ముందు ఆరవేయవలెను. ఇచ్చట మాత్రము మిరపకాయ పోలిక చెల్లదు. కాయను ఎండలో పోయుదురు. ఈ వస్త్రమును నీడలో ఆరవేయవలెను, ఎండలోని అతినీలలోహిత కిరణములు డి.ఎన్.ఏ.ను ఛేదించును గనుక.