వెర్మాంటు నగరముల యంగడివీథులు



ఊరి నడుమనున్న యంగడివీథి పాడువడినపుడు పెద్దలు సామాన్యముగా ననుమాట యొక్కటే: “కాలము మారినది, మనమేమి చేయగలము?” ఈ మాట ఎంతవరకు నిజము? కాలమునకు లోబడని యూరు లేదు, నిజమే. కాని కాలము తనంతట తానే అంగడులను లేపుకొని పోదు. రోడ్డు వేయువారొకరు, భూమి కొనువారొకరు, అనుమతి నిచ్చువారొకరు, పన్ను పుచ్చుకొనువారొకరు ఉందురు. ఆ పనులలో ఒక్కొక్కటి యొకానొక దినమున, ఒకానొక బల్లయొద్ద నిర్ణయమైనదే. ఈ సంగతిని స్పష్టముగా జూపు చరిత్ర యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వెర్మాంటు రాష్ట్రమున నడచినది. దానిని నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

వెర్మాంటు ఆ దేశపు ఈశాన్యమూలనున్న చిన్న రాష్ట్రము. 1791వ సంవత్సరమున సంయుక్త రాష్ట్రములలో 14వదిగా జేరినది. కొండలు, పాడిపశువులు, చిన్న చిన్న యూళ్లు గల సీమ యది. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో రాష్ట్రమంతట 6,43,077 మంది యుండిరి. అందు మిక్కిలి పెద్దదగు బర్లింగ్టను నగరమున 44,743 మంది మాత్రమే. ఆ నగరము చాంప్లేను సరస్సు నొడ్డున నున్నది. దాని ప్రధానమైన యంగడివీథికి చర్చి స్ట్రీటని పేరు. 1816లో గట్టిన యిటుకల చర్చి యొకటి ఆ వీథి మొగమున నుండుటచే నాపేరు గలిగినది. చుట్టుపట్ల పల్లెలవారు బట్టలకు, చెప్పులకు, మందులకు, బ్యాంకు పనులకు తరతరములుగా ఆ వీథికే వచ్చుచుండిరి.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత మోటారుకార్లు ఇంటింటికి వచ్చినవి. 1956లో ప్రెసిడెంటు ఐసెన్‌హోవరు సంతకముతో దేశమంతట విశాలమైన రహదారులను నిర్మించు శాసనము వెలువడినది. ఆ యేటనే మినెసోటా రాష్ట్రమందలి ఎడైనా యను నూర సౌత్‌డేలు అను వ్యాపారమందిరము తెరువబడినది. ఒక్క కప్పు క్రింద, చలిగాని యెండగాని తగులకుండ, పదులకొలది దుకాణములను ఒక్కచోట జేర్చిన యిట్టి మందిరమునకే మాలు అని పేరు. దానిని రూపొందించినవాడు విక్టరు గ్రూయను అను వాస్తుశిల్పి. ఆయన వియన్నా నగరమున బుట్టి, 1938లో నాజీల బాధకు దేశము విడిచి అమెరికా చేరినవాడు. తన జన్మనగరమున జనులు వీథులలో నడచుచు, ముచ్చటించుచు, సరకులు గొనుచుండు సౌఖ్యమును కార్లపాలైన శివారులకు దేవలెనని యాయన తలచెను. జరిగినది వేరు. మందిరములు పెరిగినకొలది, వాని చుట్టు కార్లు నిలుపు బయళ్లు పెరిగినవి. పాతనగరముల నడిబజారులు ఖాళీ యయ్యెను. చివరకు గ్రూయనే యిట్టి మందిరములను తన సంతానము కాదని త్రోసివేసెను.

మాలు పాతవీథి నేల గెలిచినది? వీథిలో నూరు దుకాణములకు నూర్గురు యజమానులు. ఒకడు సాయంకాలము ఐదింటికి తలుపు మూయును, మరియొకడు ఎనిమిదింటికి మూయును. ఒకని గోడకు ఏండ్లతరబడి రంగు లేదు. కారు నిలుపుటకు చోటు దొరకదు, దొరకిన రుసుము చెల్లింపవలెను. మాలునకు యజమానుడొక్కడు. తెరచు వేళ యొక్కటి, కావలి యొక్కటి, కార్లకు చోటు ఉచితము. ఇంతకుమించిన కీలకము మరియొకటి కలదు. ఆ యజమానుడు ముందుగా ఒకరిద్దరు మహావర్తకులను బిలిచి, వారికి మిక్కిలి తక్కువ బాడుగకు చోటిచ్చును. వారిని జూచి జనము వచ్చును. ఆ జనమును జూచి చిన్నవర్తకులు ఎక్కువ బాడుగ నొప్పుకొని చేరుదురు. వీథిలో నట్టి బేరమాడుటకు అధికారము గలవాడెవ్వడును లేడు. కావున పాతవీథి యోడినది సరకులో గాదు, కట్టుబాటులో.

పన్నుల చిక్కు దీనికి దోడైనది. ఆ దేశమున స్థిరాస్తిపన్ను ఊరికి ముఖ్యమైన యాదాయము. మాలు పొరుగూరి పొలిమేరలో వెలసిన, పన్ను పొరుగూరికి జేరును. నష్టపడిన నగరమునకు మాత్రము వీథులు, బడులు, నిప్పునార్పు దళములు, పోలీసులు మునుపటివలెనే పోషింపవలసి యుండును. లాభమొకరిది, భారమింకొకరిది.

వెర్మాంటు ప్రజలు దీనికి విరుగుడు వెదకిరి. రహదారులు వచ్చుటతో కొండలలో ఇండ్లస్థలముల వ్యాపారము పెచ్చు పెరుగగా, గవర్నరు డీన్ డేవిసు కాలమున 1970లో నొక శాసనము చేయబడినది. దానిని నేటికిని 250వ నంబరు శాసనమనియే వ్యవహరింతురు. పెద్ద కట్టడము కట్టదలచినవాడు పది విషయములలో పరీక్షకు నిలువవలెను. నీరు, గాలి, నేల, రోడ్లు, బడులు మొదలగువానితో పాటు, ఆ కట్టడమువలన నూళ్లపై బడు ఆర్థికభారము సైతము విచారణకు వచ్చును. విచారించువారు న్యాయాధిపతులు గారు. ఒక్కొక్క జిల్లాకు గవర్నరు నియమించిన ముగ్గురు సామాన్య పౌరులు. మన పంచాయతీ యెరిగినవారికి ఈ యేర్పాటు క్రొత్తగా దోచదు.

ఈ శాసనమునకు గొప్ప పరీక్ష త్వరలోనే వచ్చినది. బర్లింగ్టనునకు కొన్ని మైళ్ల దూరమున, 89వ నంబరు రహదారి ప్రక్క విల్లిస్టను అను నూరు గలదు. అచ్చట పొలములలో గొప్ప మాలు కట్టుటకు న్యూయార్కు రాష్ట్రమునకు జెందిన పిరమిడు కంపెనీ పూనుకొన్నది. బర్లింగ్టను నగరము ఎదురు నిలిచినది. విచారణ దీర్ఘకాలము సాగినది. తుదకు 1978లో జిల్లా సంఘమువారు అనుమతి నిరాకరించిరి. రోడ్లపై రద్దీ యొక కారణము; బర్లింగ్టను నడిబజారు వ్యాపారము తరలిపోయి నగరపు ఆదాయము క్షీణించుననుట మరియొక కారణము. ఒక యూరి కట్టడమువలన పొరుగూరికి గలుగు నష్టమును లెక్కలోనికి దెచ్చుట ఈ తీర్పునందలి విశేషము.

వచ్చువానిని ఆపుటతో తమ పని తీరినదని బర్లింగ్టనువారు తలచలేదు. ఆపుట సగము పని. తమ వీథిని జనులు కోరునట్లు చేసికొనుట తక్కిన సగము. బిల్ ట్రూయెక్సు అను వాస్తుశిల్పి డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగను వీథిని జూచి వచ్చెను. అచ్చట స్ట్రాయెటు అను పొడవైన యంగడివీథిని 1962లో మోటారులకు మూసి పాదచారులకు విడిచియుండిరి. ఆయనయు, ప్యాటు రాబిన్సు అను వర్తకుడును మరికొందరును నగరమును ఒప్పించిరి. కేంద్రప్రభుత్వపు ద్రవ్యసహాయము లభించినది. చర్చి స్ట్రీటులో కొన్ని భాగములు మోటారులకు మూయబడి, ఇటుకలు పరవబడి, చెట్లు నాటబడి, 1981లో చర్చి స్ట్రీటు మార్కెట్‌ప్లేసు అను పేర తెరువబడినది. ఇందు నాకు ముఖ్యముగా దోచినది ఇటుకలు గాదు, పాలన. ఆ వీథికొక ప్రత్యేక సంఘము నేర్పరచి, భవనముల యజమానులు తలకొక భాగము రుసుము చెల్లించి, ఆ సొమ్ముతో ఊడ్చుట, మంచు తీయుట, ఉత్సవములు జరుపుట సాగించిరి. మాలు యజమానుడొక్కడు చేయుపనిని నూర్గురు కలసి చేసిరన్నమాట. అంతవరకు లోపించిన కట్టుబాటు ఇట్లు సమకూడినది.

ఇక కథ ఇచ్చట ముగిసినచో నీతికథయై యుండెడిది. చరిత్ర యట్లు ముగియదు. 1990 తరువాతి దశకమున విల్లిస్టనులో ఆ కూడలియొద్దనే పెద్దపెట్టెలవంటి దుకాణములు ఒకటొకటిగా వెలసినవి. 1997లో వాల్‌మార్టు సైతము వచ్చినది. మాలు రాలేదు గాని, మాలు తెచ్చునని భయపడినదంతయు వేరురూపున వచ్చినది. ఒక్కమారు గెలిచినవాడు ఎల్లకాలము కావలి కాయవలెనని దీనివలన దేలుచున్నది.

అంతకు పూర్వము వాల్‌మార్టు లేని రాష్ట్రముగా వెర్మాంటు పేరువడసియుండెను. ఆ కంపెనీ రాకవలన పాతయూళ్ల స్వరూపము చెడునని 1993లో చారిత్రక కట్టడములను రక్షించు జాతీయ సంస్థవారు రాష్ట్రమునంతను అపాయస్థలముల జాబితాలో జేర్చిరి. అప్పుడు విజ్ఞులు కొందరు ప్రశ్ననే మార్చిరి. పెద్ద వర్తకుని రానీయవలెనా వలదా అనుట మాని, వచ్చినచో ఎచ్చట కూర్చుండవలెను అని యడిగిరి. దానికి ఉత్తరము రట్లండు నగరమున దొరకినది.

రట్లండు చలువరాతికిని రైలుమార్గమునకును ప్రసిద్ధి గన్న యూరు. 1961లో సమ్మె వలన ఆగిన రట్లండు రైల్వే కంపెనీ బండ్లు మరల నడువలేదు. నగరము నడుమనున్న రైలు బయలులో పిమ్మట దుకాణసముదాయ మొకటి వెలసినది. 1995లో నగరమును జుట్టియున్న రట్లండు టౌను అను వేరు పరిపాలన గల పొలిమేరలో డైమండ్ రన్ అను మాలు తెరువబడినది. కేమార్టు, సియర్సు, జేసీ పెన్నీ అను మూడు మహాదుకాణములు దానికి స్తంభములు. నగరపు నడిబజారు నిలుచునా యని సందేహము గలిగినది. అట్టి తరుణమున వాల్‌మార్టు పొలములలో క్రొత్త కట్టడము కట్టుటకు బదులు, నడిబజారులో కేమార్టు విడిచిన పాతభవనములోనికి 1997లో వచ్చినది. అది ఆ కంపెనీ వాడుకకంటె చిన్న దుకాణము. 1996 డిసెంబరునుండి న్యూయార్కునకు ప్రయాణికుల రైలు మరల నడువసాగినది. 1914 నాటి పారమౌంటు నాటకశాలను బాగుచేసి 2000లో దిరిగి తెరచిరి. ఒక్క వర్తకుని రాకతో ఊరు బాగుపడినదని నేననను. చౌకసరకుపోటీకి తాళలేని చిన్న కొట్లు ఎట్టి యూరనైన నుండును. వారి కష్టము చిన్నది గాదు. కాని సరకునకై వచ్చిన జనము ఊరి నడుమకే వచ్చినది. పన్ను ఆ నగరమునకే చేరినది. కారులేని ముసలివారు నడచిపోదగిన దూరమున నంగడి యుండినది.

ఆ మాలు సంగతి యేమైనది? సియర్సు, కేమార్టు రెండును జేరిన సంస్థ 2018లో దివాలా యెత్తినది. ఇంటికే సరకు పంపు వర్తకము దేశమంతట ప్రబలినది. స్తంభములు పడిన పిదప కప్పు నిలువదు. తెరచిన 24 ఏండ్లకు, 2019లో, డైమండ్ రన్ మాలు మూతపడినది.

మాలును వెక్కిరించుటకు నేనీ మాట చెప్పుటలేదు. బర్లింగ్టనునకును దెబ్బ తగిలినది. చర్చి స్ట్రీటు ప్రక్కను, నగరమధ్యముననే, 1999లో ఫైలీన్సు అను మహాదుకాణమును రప్పించుకొనిరి. అది 2006లో మేసీసు అను పేరు దాల్చి, 2018లో మూయబడినది. దాని ప్రక్కనున్న పాత వ్యాపారమందిరమును పడగొట్టి, క్రొత్త కట్టడము లేవక, ఆ చోటు కొన్నియేండ్లు గోయిగా నుండిపోయినది. అంత నొక వింత జరిగినది. నగరపు ఉన్నత పాఠశాల భవనములో విషపదార్థములు కనబడుటచే 2020లో దానిని మూసిరి. పిల్లలకు బడి లేకపోయెను. 2021లో ఆ ఖాళీ దుకాణమునందే పాఠశాల నెలకొల్పిరి. విద్యార్థులు కదలుమెట్లపై నెక్కి తరగతులకు బోయిరి. నగరము నడుమ నున్న భవనమగుటచేతనే అది బడిగా నుపయోగపడినది. పొలముల నడుమ, కార్లబయలులో నున్న ఖాళీకొట్టునకు నడచి చేరు పిల్లలెందరుందురు?

మహాశయులారా, ఈ యేబది యేండ్ల చరిత్రలో నాకు దోచినది యిది. పెద్ద వర్తకుడు ఊరికి అతిథివంటివాడు. వానికి చోటీయవచ్చును, గౌరవింపవచ్చును, కాని వానినే ఇంటి నడిమి దూలముగా జేసికొనరాదు. లాభము తగ్గిననాడు వాడు పోవును, పోవుట వాని ధర్మము. వాడు పోయిన తరువాత నేమి మిగులుననునది వాడు వచ్చిననాడే ఆలోచింపవలసిన విషయము. వానిని వీథినడుమ గూర్చుండబెట్టినచో, వాడు విడిచిన భవనము ఊరివారి కేదో యొక పనికి వచ్చును. ఊరివెలుపల గూర్చుండబెట్టినచో, వాడు వచ్చినపుడు వీథి పాడగును, పోయినపుడు పొలము పాడగును.

వెర్మాంటువారు కాలమును ఆపలేకపోయిరి. కాని ఎచ్చట, ఎట్లు, ఎవరి ఖర్చున అను మూడు ప్రశ్నలను బహిరంగముగా నడుగు హక్కును వారు విడువలేదు. ముగ్గురు పౌరులు బల్లయొద్ద గూర్చుండి, పొరుగూరి నష్టమును సైతము లెక్కించి 1978లో చెప్పిన తీర్పు, ఎప్పటికిని నిలువకపోయినను, ఆ వీథికి సిద్ధపడుటకు వలసిన కొన్నియేండ్ల వ్యవధి నిచ్చినది. ఆ వ్యవధిలో వారు ఇటుకలు పరచుకొనిరి, చెట్లు నాటుకొనిరి, కలసి పనిచేయుట నేర్చుకొనిరి. ఊరి పెద్దలు ఊరికీయగలది యనేక పర్యాయములు ఇంతే: పూర్తి విజయము గాదు, కొంత వ్యవధి. దానిని వృథా చేయకుండుట తక్కినవారి పని.