రాత్రి రేడియో – ఒక పాత జవాబు

మన హాస్టల్ వార్డెన్ గదిలోని మర్ఫీ రేడియో గుర్తుందా? పగలంతా విజయవాడ ఒక్కటే పలికేది. రాత్రి తొమ్మిది దాటితే మద్రాసు, హైదరాబాదు, ఒక్కోసారి ఏ భాషో తెలియని పాట. ఎందుకని తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారిని అడిగాను. "ఆకాశంలో అద్దముందిరా. పగలుండదు, రాత్రి వస్తుంది" అన్నారు. తర్వాత నేనూ ఇదే బడికి టీచరుగా వచ్చి, పదకొండేళ్లు పిల్లలకు అదే చెప్పాను. అది సగమే నిజం.

అద్దం మాట నిజమే. 1901 డిసెంబరులో ఇంగ్లండు నుంచి పంపిన సంకేతం అట్లాంటిక్ అవతల తనకు అందిందని మార్కోనీ ప్రకటించాడు. గుండ్రటి భూమి మీద తరంగం అంత దూరం ఎలా వంగింది? పైన విద్యుత్తును మోసే పొర ఉండాలని 1902లో కెనెల్లీ, హెవిసైడ్ విడివిడిగా అన్నారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి చూపించాడు.

ఆ పొర ప్లాస్మా. ఎండకు గాలి నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు, మిగిలిన అయాన్లు. రేడియో తరంగం తాకితే బరువైన అయాన్లు దాదాపు కదలవు. ఎలక్ట్రాన్లే సెకనుకు లక్షలసార్లు ఊగుతూ, తీసుకున్న శక్తిని మళ్లీ తరంగంగా ఇచ్చేస్తాయి. ఊగే మధ్యలో గాలి అణువును గుద్దుకుంటే మాత్రం ఆ శక్తి వేడిగా పోతుంది.

మాస్టారి జవాబులో లేనిది ఈ గుద్దుకోవడమే. పగలు అద్దం పోదు, ఇంకా గట్టిపడుతుంది. కానీ దాని కింద, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, గాలి కాస్త చిక్కగా ఉన్నచోట ఇంకో పొర పుడుతుంది. మీడియం వేవ్ ఆ గుద్దులాటలోనే ఆరిపోతుంది. పొద్దుగూకితే ఆ కింది పొర దాదాపు మాయం.

దీనికి చక్కటి సాక్ష్యం 1933లో దొరికింది. హాలండులో టెలెగెన్ అనే ఇంజనీరు స్విట్జర్లాండు స్టేషను వింటుంటే, వెనక లక్సెంబర్గ్ కార్యక్రమం వినబడింది. రెండింటి తరంగదైర్ఘ్యాలకూ పొంతనే లేదు. రేడియో చెడిపోలేదు. 1934లో బెయిలీ, మార్టిన్ గుట్టు విప్పారు: లక్సెంబర్గ్ తరంగం మహా బలమైనది, దారిలో ఎలక్ట్రాన్లను వేడెక్కించేది. పాట హెచ్చుతగ్గులను బట్టి గుద్దులూ హెచ్చి తగ్గేవి. అటుగా పోయే స్విస్ తరంగం ఆ మేరకు నీరసిస్తూ, ఆ పాటను మోసుకొచ్చేది.

ఇది చదివాక మాస్టారింటికి వెళ్లి చెప్పాను. అప్పటికే రిటైరయ్యారు. చాలాసేపు ఊరుకుని, "మరి ఆ పిల్లలకెవరు చెబుతార్రా?" అన్నారు.

ఆ పిల్లల్లో చాలామంది చేతుల్లో ఇప్పుడీ సంచిక ఉంది.