రూపాయిలో నూరోవంతు: నాణెమే పాఠమైన కథ

రూపాయికి ఎన్ని పైసలు అని అడిగితే ఒకటో తరగతి పిల్లలు కూడా నూరు అని చెబుతారు. 1957కు ముందు బడిలో ఇదే ప్రశ్నకు సరైన జవాబు అరవై నాలుగు. ఈ మార్పు ఎలా వచ్చింది? దాన్ని దేశప్రజలకు ఎలా నేర్పారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆనాడు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసకు 3 దమ్మిడీలు. అంటే రూపాయికి 192 దమ్మిడీలు. తెలుగునాట పైసను కానీ అనీ, రెండణాలను బేడ అనీ, నాలుగణాలను పావలా అనీ అనేవారు. ఈ పద్ధతి తెలివితక్కువది కాదు. పదహారును సగం చేస్తే ఎనిమిది, మళ్లీ సగం చేస్తే నాలుగు, తర్వాత రెండు, ఒకటి. చదువు రాని వారు కూడా సగాలు చేసుకుంటూ లెక్క తేల్చుకోగలిగేవారు.

చిక్కంతా కాగితం మీద లెక్క వేసేటప్పుడే. 2 రూపాయల 11 అణాల 9 దమ్మిడీలకు 1 రూపాయి 7 అణాల 6 దమ్మిడీలు కలపండి. దమ్మిడీలను పన్నెండుతో, అణాలను పదహారుతో భాగిస్తేగాని 4 రూపాయల 3 అణాల 3 దమ్మిడీలు అన్న జవాబు రాదు. హైదరాబాదు సంస్థానంలో ఇంకో లెక్క కూడా ఉండేది. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా రూపాయలు ఏడు, బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరింటికి సమానం.

స్వతంత్ర భారత పార్లమెంటు 1955లో నాణేల చట్టాన్ని సవరించింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయిని నూరు భాగాలు చేశారు. పాత పైసతో తికమక పడకుండా కొత్తదానికి నయాపైస అని పేరు పెట్టారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతమే. కరపత్రాలు చదవలేని కోట్లమందికి దశాంశ పద్ధతి నేర్పేదెలా?

నాణేన్నే పాఠంగా మలిచారు. ఒక నయాపైస కంచుతో చేసిన చిన్న గుండ్రని బిళ్ల. ఐదు నయాపైసలది చదరం. రెండు, పది నయాపైసల నాణేలకు అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉండేది. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసేది. చదువు వచ్చినవారి కోసం ఒక నయాపైసపై 'రూపాయిలో నూరోవంతు', పది నయాపైసలపై 'రూపాయిలో పదోవంతు' అన్న అర్థం వచ్చేలా హిందీలో ముద్రించారు. భిన్నాల పాఠం అరచేతిలోకి వచ్చింది.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. పావలాకు సరిగ్గా 25 నయాపైసలు. అణాకు మాత్రం ఆరుంపావు. పావు నయాపైసకు నాణెం లేదు. దగ్గరలో ఉన్న నయాపైసకు సవరించాలని చట్టం చెప్పింది కాబట్టి అణాకు 6 నయాపైసలే. ఇప్పుడు ఈ లెక్క చేయండి. ఈ నియమం తెలియని కూలి మనిషి దగ్గర అంగడివాడు అణాకు 7 తీసుకున్నాడనుకోండి. నాలుగుసార్లు అణా సరుకు కొంటే 28 నయాపైసలు అవుతాయి. ఒకేసారి పావలా సరుకు కొనగలిగినవాడు ఇచ్చేది 25. నష్టపోయేది కొంచెం కొంచెంగా కొనుక్కునే పేదవాడే. లెక్క రావడమన్నది పరీక్షలో మార్కుల కోసమే కాదు, మోసపోకుండా బతకడానికి కూడా.

పాత, కొత్త నాణేలు కొంతకాలం పక్కపక్కనే చెలామణి అయ్యాయి. 1964 జూన్ 1న 'నయా' అన్న మాట తొలగించారు. నయాపైస మామూలు పైస అయింది. పావలా, ఆ లోపు నాణేలు 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయాయి. పావలా అన్న మాట, 'పదహారణాల తెలుగు' అన్న నానుడి మాత్రం మన నాలుకపై ఇంకా చెల్లుతూనే ఉన్నాయి.

మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వారికి ఈ పాఠం చెప్పండి. కొన్ని నాణేలు, ఒక అయస్కాంతం ఇవ్వండి. 1988 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు అతుక్కుంటాయి. పాత రాగి-నికెల్ మిశ్రమ నాణేలు అతుక్కోవు. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే ఆ నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైనదని చెప్పండి. నోటు వెనుక ఉన్న పదిహేను భాషల పట్టీలో తెలుగును వెతకమనండి. తమిళం కింద, ఉర్దూ పైన పద్నాలుగో వరుసలో కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లో చెల్లింపులు చాలావరకు ఫోన్‌తోనే జరుగుతున్నాయి. తెరపై అంకె మారుతుంది తప్ప చేతిలో బరువు తగ్గదు. అందుకే ఒక్కసారైనా పిల్లలను అంగడికి పంపి, నాణేలతో కొనిపించి, మిగిలిన చిల్లర వారిచేతనే లెక్కపెట్టించండి. 1957లో దేశమంతా నేర్చుకున్నది అలాగే.