ఎంపీసీకీ బైపీసీకీ మధ్య పడ్డ శాస్త్రం

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని నాగోలు దాటితే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ వస్తుంది. అక్కడి నుంచి హబ్సిగూడ వైపు తిరిగితే సీసీఎంబీ. జన్యుశాస్త్రంలో దేశమంతా పేరున్న ఈ రెండు సంస్థలూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు సిటీ బస్సు దూరంలోనే ఉన్నాయి. అయినా నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చి ఆ హాస్టళ్లలో దిగిన కుర్రాడికి వాటి గేటు దాటడం ఎప్పుడూ తేలిక కాలేదు.

జీవశాస్త్రాన్నీ లెక్కలనూ కలిపే బయోఇన్ఫర్మాటిక్స్ మన దగ్గర ఎక్కడ మొదలైందంటే మద్రాసు పేరు చెప్పాలి. ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలి తిరగగలదో లెక్కగట్టి జి.ఎన్. రామచంద్రన్ 1963లో ఒక పటం ప్రచురించారు. ఆ లెక్కల్లో చేయి కలిపినవారు ఆయన శిష్యులు సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్. అప్పటికి కోర్సూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. గురువు పక్కన కూర్చుని లెక్క వేయడం, తప్పితే మళ్లీ వేయడం, శిక్షణంటే అదే. ప్రోటీన్ నిర్మాణం సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ప్రపంచమంతా ఇప్పటికీ ఆ పటాన్నే తిరగేస్తోంది.

హైదరాబాద్‌లో 1977లో పుష్పమిత్ర భార్గవ చేతుల మీదుగా సీసీఎంబీ మొదలైంది. 1986-87లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దేశవ్యాప్తంగా జీవసమాచార కేంద్రాలను కలుపుతూ ఒక నెట్‌వర్క్ పెట్టింది. ఇంటర్నెట్ అనే మాట ఇళ్లకు చేరని రోజుల్లో అది చాలా ముందుచూపే. తొంభైల్లో పుట్టిన సీడీఎఫ్‌డీ నాచారం, నాంపల్లి తిరిగి ఉప్పల్ చేరింది.

2000 జూన్ 26న మానవ జీనోమ్ ముసాయిదా సిద్ధమైందన్న ప్రకటనతో ఊరు ఊరంతా ఊగిపోయింది. 300 కోట్ల అక్షరాలను చదవాలంటే కంప్యూటర్ కావాలి, కంప్యూటర్లంటే హైదరాబాదే కదా! అదే ఏడాది ఇక్కడ ఆసిమమ్ బయోసొల్యూషన్స్ అనే కంపెనీ మొదలైంది. గుంటూరులో పుట్టిన ఎం. విద్యాసాగర్ సారథ్యంలోని టీసీఎస్ హైదరాబాద్ కేంద్రం సీఎస్ఐఆర్ అండతో బయో-సూట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2004లో తెచ్చింది. కాలేజీలు బయోఇన్ఫర్మాటిక్స్ బోర్డులు తగిలించాయి. పోటీ పరీక్షల కోచింగ్‌కు అలవాటుపడ్డ నగరంలో చిన్న చిన్న శిక్షణ సంస్థలు కూడా లేచాయి. బ్లాస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో జన్యువరుసల్లో పోలికలు వెతకడం, క్లస్టల్‌తో ఆ వరుసలు పేర్చడం, ఒక ప్రోటీన్‌కు ఒక మందు అణువును తగిలించి చూడటం, కొన్ని వారాల్లో ప్రాజెక్టు రిపోర్టు. స్పైరల్ బైండింగ్ షాపులకు మాత్రం మంచి గిరాకీ.

ఆ సంస్థలను తిట్టిపోయడం సులువే గానీ అసలు చిక్కు అంతకుముందే పడింది. మన పిల్లలను పదహారేళ్లకే ఎంపీసీ, బైపీసీ అని రెండు గదుల్లో కూర్చోబెడతాం. బైపీసీ వాడు లెక్కలకు ఆనాడే దండం పెట్టేస్తాడు. ఎంపీసీ వాడికి కణం స్కూలు పుస్తకంలో బొమ్మగానే మిగులుతుంది. తీరా ఈ శాస్త్రానికి సంభావ్యతా కావాలి, జన్యువూ కావాలి. ఇంటర్‌లో రెండుగా కోసిన బుర్రను ఎమ్మెస్సీలో అతకాలంటే కోర్సు సరిపోదు. "ఈ ఫలితం ఎందుకు నమ్ముతున్నావు?" అని రోజూ అడిగే మనిషి కావాలి. బటన్ నొక్కితే బ్లాస్ట్ ఎవరికైనా జవాబిస్తుంది, ఆ పోలిక యాదృచ్ఛికమా కాదా అన్నది మాత్రం నేర్పించేవాడు నేర్పాలి. కోచింగ్‌ల దిల్‌సుఖ్‌నగర్‌కు పరీక్ష గట్టెక్కించే విద్య బాగా తెలుసు. ఇది పరీక్ష కాదు.

లోతుగా నేర్చుకున్నవాళ్లు ఏం చేయగలరో 2009లో కనిపించింది. సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా నుంచి డేవిడ్ రీచ్ తదితరులు 25 భారతీయ సముదాయాలకు చెందిన 132 మంది జన్యు సమాచారాన్ని లెక్కించి, మనలో చాలామంది రెండు ప్రాచీన వంశాల కలయిక అని చెప్పారు. తెలుగు నేల సముదాయాలూ అందులో ఉన్నాయి. వైశ్యుల్లో తరతరాలుగా లోపలి పెళ్లిళ్ల వల్ల కొన్ని జన్యులోపాలు ఎక్కువగా నిలిచిపోయాయని తర్వాతి అధ్యయనాలూ చూపాయి. కొందరికి శస్త్రచికిత్సలో ఇచ్చే కండరాల సడలింపు మందు త్వరగా దిగకపోవడం అలాంటిదే. ఇది వైద్యుడికి రేపే పనికొచ్చే సంగతి, దాని వెనకున్న వంశచరిత్రను లెక్కగట్టింది గణాంకాలు తెలిసిన జీవశాస్త్రజ్ఞులు.

కరోనా కాలంలో అవసరం ఒక్కసారిగా మీద పడింది. 2020 డిసెంబర్‌లో వైరస్ జన్యుక్రమాలను చదవడానికి కేంద్రం ఇన్సాకాగ్ ఏర్పాటు చేసినప్పుడు మొదటి పది ప్రయోగశాలల్లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ ఉన్నాయి. వచ్చే డేటాను చదవగల చేతులకు ఒక్కసారిగా విలువ పెరిగింది.

2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ నుంచి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల అమీర్‌పేటకు మెట్రో పడ్డాక పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మరీ సులువైంది. జీనోమ్ డేటా ఉచితంగా దొరుకుతోంది, పాఠాలు ఫోన్‌లోనే ఉన్నాయి. దొరకనిది ఇంకా ఒకటుంది. జిల్లా డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెప్పే లెక్చరర్లలో సొంతంగా ఒక నమూనా డేటాను మొదటి నుంచి చివరిదాకా నడిపినవారు తక్కువ. ఉప్పల్, హబ్సిగూడల్లో ఆరు నెలల ప్రాజెక్టు సీట్లు కొన్నే. ముందు ఆ లెక్చరర్లను వేసవిలో నెల రోజులు ఆ గేటు లోపలికి పిలిస్తే, వాళ్ల వెనక వచ్చే పిల్లలకు సిఫారసు లేఖ కోసం తిరగాల్సిన పని తగ్గుతుంది.