కలివి కోడి: 86 ఏళ్ల తర్వాత దొరికిన పక్షి

బ్రిటిష్ వైద్యుడు థామస్ జెర్డాన్ ద్వారా 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివి కోడి, 1900 తర్వాత కనుమరుగైంది. అంతరించిపోయిందనే భావించారు. అయితే 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో స్థానికుడొకరి చేతికి చిక్కింది. దాని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రాత్రివేళ సంచరించే ఈ పక్షి కంటబడటం అరుదు. అందుకే పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి, దానిపై పడిన అడుగుజాడలను బట్టి ఉనికిని గుర్తించారు.

దట్టమైన అడవిగానీ, బోడి నేలగానీ దీనికి సరిపడవు. నడుమ ఖాళీలున్న ముళ్లపొదలే దీని ఆవాసం. బంజరుగా భావించి ఆ పొదలను నరికివేస్తే ఈ పక్షికి నిలువ నీడ ఉండదు. ప్రస్తుతం ఇది అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.