ఇద్దరవ్వలు, ఒక్క పింఛను

మా మాదిగవాడ నుంచి రైల్వేలో పనికెక్కిన మొదటి మనిషి మా తాత. డోర్నకల్ దిక్కు లైనులో గ్యాంగ్‌మన్. మా వాళ్లకు రైల్వేలో దొరికే కొలువు అదే. కంకర ఎత్తడం, స్లీపర్లు మోయడం, ఎండలో పట్టాల వెంట నడవడం. 1938 ఫిబ్రవరిలో మన్మాడులో జి.ఐ.పి. రైల్వే అంటరాని కార్మికుల సభలో అంబేద్కర్ ఈ సంగతే చెప్పాడు. మనవాడు బతుకంతా గ్యాంగ్‌మన్‌గానే ఉండాలి, పోర్టరు కావడం కూడా కష్టమే. పోర్టరంటే స్టేషన్ మాస్టరు ఇంట్లో కూడా పనిచేయాలి కదా, మనం గడప తొక్కితే మైల! మా తాతకు ఆ ఉపన్యాసం తెలియదు. ఆ బతుకు తెలుసు.

రైల్వేలో పింఛను మొదటినుంచీ లేదు, ప్రావిడెంటు ఫండే ఉండేది. 1957 నవంబరులో పింఛను పెట్టారు. భర్త పోతే భార్యకు బతికినంతకాలం ఇచ్చే కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1 నుంచి మొదలైంది. 1986లో తాత సర్వీసులోనే చనిపోయాడు. అప్పటికి ఆయన పర్మనెంటు. సర్వీసు రిజిస్టరులో అవ్వ పేరు ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు. ఆ ఒక్క అక్షరం కోసం ఏడాది తిప్పిన్రు. చివరికి వచ్చింది. ప్రతి నవంబరులో బతికే ఉన్నానని వేలిముద్ర వేసి రావాలి. ఆ డబ్బు అవ్వను కొడుకుల ముందు చెయ్యి చాపనీయలేదు. నా డిగ్రీ ఫీజు, బీయెడ్ ఫీజు అందులోంచే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. నన్ను పంతులుని చేసింది తాత చావు మీద వచ్చిన పింఛనే.

తాత తమ్ముడిదీ అదే గడ్డపార, అదే కంకర. కానీ ఆయన కొత్త లైన్లు వేసే ప్రాజెక్టులో క్యాజువల్ లేబర్. పని ఉంటే పిలుస్తరు, లేకుంటే పొమ్మంటరు. ఇట్లాంటివాళ్ల గురించే 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది. ఆ తర్వాతే వాళ్లకు టెంపరరీ స్టేటస్ దారి తెరుచుకుంది. చిన్నతాతకూ అది దొరికింది. పర్మనెంటు కాకముందే 1990లో కామెర్లతో పోయాడు.

చిన్నవ్వ ఆఫీసుకు పోతే గుమస్తా తల ఎత్తకుండానే, "నీ మొగుడు పర్మనెంటు కాలే, పింఛను రాదు, పో" అన్నడట. 1997లో రబియా బికనేర్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. టెంపరరీ స్టేటస్ ఉన్నా, రెగ్యులర్ పోస్టులోకి తీసుకోకముందే చనిపోతే భార్యకు కుటుంబ పింఛను లేదు. గుమస్తా చెప్పింది రూలే. మరి ఆ రూలు ఎవరి చెమటను లెక్కలో రాసింది, ఎవరిది రాయలేదు?

చిన్నవ్వ నడుము వంగేదాకా కలుపుకు పోయింది. ఆమె కొడుకులిద్దరూ ఐదో తరగతితోనే బడి మానిన్రు. ఒకే వాడ, ఒకే కులం, ఒకే పట్టాలు. తేడా ఒక్క కాగితం.

ఇయ్యాల గ్యాంగ్‌మన్‌ను ట్రాక్ మెయింటెయినర్ అంటున్నరు. పేరు మారింది. కానీ ఇప్పుడు పట్టాల దగ్గర కాంట్రాక్టరు కూలీలు కూడా కనిపిస్తున్నరు. నా క్లాసులో వాళ్ల పిల్లలున్నరు. ఆ కూలీల పేర్లు రైల్వే సర్వీసు రిజిస్టరులో ఉండవు. రేపు వాళ్లకేమైనా అయితే, వాళ్ల పెండ్లాలు ఏ కిటికీ ముందు నిలబడాలె?