పేషెంటూ ఆయనే, ప్రయోగమూ ఆయనే

2007 మార్చి. న్యూయార్క్‌ని చలి ఇంకా వదల్లేదు. రాల్ఫ్ స్టైన్‌మన్ కళ్ళు పచ్చబడ్డాయి.

కొలరాడో నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అక్కడో సైన్సు సదస్సు, దాంతోపాటు కుటుంబంతో కలిసి మంచు కొండల మీద స్కీయింగ్. తిరిగొచ్చాక కడుపులో తేడా చేసింది. ఇంట్లో అందరికీ అలాగే ఉండటంతో ఏదో ఇన్‌ఫెక్షన్ అనుకున్నారు. అందరికీ తగ్గింది. ఆయనకి తగ్గలేదు. ఇప్పుడు కామెర్లు. స్కాన్ తీశారు. పాంక్రియాస్ తలభాగంలో గడ్డ ఉంది. అది అక్కడితో ఆగలేదు, లింఫ్ గ్రంథులకీ పాకింది.

ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1968లో హార్వర్డ్‌లో డాక్టరు పట్టా తీసుకున్న మనిషి. పాంక్రియాస్ క్యాన్సర్ ఈ దశలో బయటపడితే అప్పట్లో చాలామంది ఏడాది దాటేవాళ్ళు కాదు. ఐదేళ్ళు దాటేవాళ్ళు చాలా కొద్దిమంది. ఆయన వయసు 64. భార్య క్లాడియా, ముగ్గురు పిల్లలు. పిల్లలకి తనే చెప్పాడు. ఇంటర్నెట్‌లో వెతకొద్దని, తన మాట మాత్రమే వినమని అడిగాడు. తర్వాత ల్యాబ్‌వాళ్ళకి చెప్పాడు.

మన్‌హటన్ తూర్పు అంచున, ఈస్ట్ రివర్ ఒడ్డున రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ. అక్కడి ల్యాబ్‌లో ఈ వార్త పిడుగులా పడింది. సారా ష్లెసింజర్ 1977లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, ఆ గుమ్మం తొక్కింది. ఆయన దగ్గరే పని నేర్చుకుంది, డాక్టరైంది, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. మిషెల్ నుసెన్‌జ్వైగ్ కూడా అంతే, ఆయన తొలినాటి శిష్యుడు. గురువుగారు ఎన్నాళ్ళు బతుకుతారో లెక్కేసుకునేపాటి డాక్టర్లే ఇద్దరూ. కానీ గురువుగారు వేరే లెక్కలో ఉన్నాడు. ఆపరేషన్ ఎలాగూ తప్పదు. గడ్డ బయటికి వస్తుంది. దాన్ని పారెయ్యకూడదు!

ఎందుకో తెలియాలంటే 1970కి వెళ్ళాలి.

అప్పటికాయన కుర్ర డాక్టరు. కెనడాలో పుట్టి, షెర్‌బ్రూక్ అనే ఊళ్ళో పెరిగాడు. తండ్రికి అక్కడ దుకాణం ఉండేది. బోస్టన్‌లో పెద్దాసుపత్రి శిక్షణ ముగించుకుని, పేషెంట్లని వదిలి, రాక్‌ఫెల్లర్‌లోని జాన్విల్ కోన్ ల్యాబ్‌లో ఎలుకల దగ్గర చేరాడు. ఆయన్ని ఒకటే ప్రశ్న తొలిచేది. ఒంట్లోకి శత్రువు దూరిందని, దానితో పోరాడాల్సిన టీ కణాలకి చెప్పేదెవరు? గాజు పాత్రలో టీ కణాల్నీ బీ కణాల్నీ మాత్రమే ఉంచితే అవి కదలవు మెదలవు. ప్లీహం నుంచి తీసిన కణాల్లో గాజుకి అంటుకునే రకాన్ని కాసిని కలిపితే చాలు, ఒక్కసారిగా లేస్తాయి. ఆ అంటుకునేవి, శత్రువుల్ని మింగేసే మ్యాక్రోఫేజ్‌లేనని లోకం తీర్మానించేసింది. ఇంకా చూడాల్సిందేముంది?

స్టైన్‌మన్ చూశాడు.

చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద, బతికున్న కణాలు. చాలావరకు మ్యాక్రోఫేజ్‌లే. వాటి మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, ఎవరూ లెక్కపెట్టని ఆకారం. ఒళ్ళంతా కొమ్మలు. ఆ కొమ్మలు చాస్తోంది, ముడుస్తోంది, మళ్ళీ ఇంకోవైపు చాస్తోంది. ప్లీహంలో నూటికి ఒకటి ఉంటే గొప్ప. భార్య పేరు కలిసొచ్చేలా వాటిని క్లాడియాసైట్లు అందామా అని సరదాగా అనుకున్నాడట. 1973లో కోన్‌తో కలిసి పేపరు రాసినప్పుడు డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టాడు. కొత్త కణం దొరికిందని లోకం ఎగిరి గంతేస్తుందనుకుంటే పొరపాటు. ఎవరూ నమ్మలేదు.

ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. మ్యాక్రోఫేజ్‌నే ఇంకో కోణంలో చూశావన్నారు, అంత అరుదైన కణం అంత పెద్ద పని చెయ్యదన్నారు, మరో ల్యాబ్‌లో చేసి చూస్తే రాలేదన్నారు. ఆయన మాత్రం ప్రతి సదస్సుకీ కొత్త లెక్కలతో వెళ్ళి, అరుదైన ఆ కణాలనే వేరుచేసి టీ కణాల ముందు పెట్టి, మిగతావాటికంటే ఇవి కనీసం నూరు రెట్లు బలంగా రెచ్చగొడుతున్నాయని 1978లో చూపించి, తిట్టేవాళ్ళనీ తన ల్యాబ్‌కి పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టేవాడు. మెల్లగా అర్థమైంది. దొంగ వదిలిపోయిన గుర్తుల్ని ఏరుకుని, పోలీస్ స్టేషన్‌దాకా పరిగెత్తి, వీణ్ణే పట్టుకోవాలని చూపించే సాక్షి ఈ కణం. చర్మంలోనో పేగులోనో కాపు కాస్తుంది. దొరికినదాన్ని ముక్కలు చేసి ఒంటిమీద తగిలించుకుంటుంది. లింఫ్ గ్రంథిలోకి వెళ్ళి టీ కణాలకి చూపిస్తుంది. అంతదాకా టీ కణాలకి పని లేదు.

క్యాన్సర్ ఆ సాక్షి నోరు నొక్కేస్తుంది. గడ్డ తన చుట్టూ ఉన్న డెండ్రైటిక్ కణాల్ని మత్తులో ఉంచుతుంది. మరి వాటిని బయటికి తీసి, గడ్డ గుర్తుల్ని తినిపించి, మేల్కొలిపి మళ్ళీ లోపలికి పంపితే? 1992లో ఆయనా, క్యోటో నుంచి వచ్చిన కాయో ఇనాబా, తోటివాళ్ళూ ఎలుకల ఎముక మజ్జ నుంచి ఈ కణాల్ని పెద్ద సంఖ్యలో పెంచే దారి కనిపెట్టారు. తర్వాత రెండేళ్ళకే మనిషి రక్తం నుంచి పెంచడమూ వచ్చింది. ఎలుకల్లో పనిచేసింది మనిషిలో చూపించకపోతే ఆయనకి తృప్తి ఉండేది కాదు. మనుషుల మీద పరిశోధన చెయ్యండని ఊరూరా పోరాడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మనిషి దొరికాడు.

2007 ఏప్రిల్. ఆపరేషన్ థియేటర్. పాంక్రియాస్ తల, దానికంటుకున్న చిన్నపేగు ముక్క, పిత్తాశయం, పిత్తనాళం: గంటల తరబడి కోసి, తీసి, మళ్ళీ కుట్టే పెద్ద ఆపరేషన్. మామూలుగా అయితే గడ్డ పెథాలజీకి వెళ్తుంది, తర్వాత సీసాలో మిగిలిపోతుంది. ఈసారి బయట మనుషులు కాచుకుని ఉన్నారు. బతికున్న కణజాలం. ఆలస్యమైతే అందులోని ఆర్‌ఎన్‌ఏ పాడైపోతుంది.

గడ్డ దేశమంతా తిరిగింది. కొంత నార్త్ కరోలినాలోని ఆర్గోస్ అనే కంపెనీకి వెళ్ళింది. ఆ గడ్డ నుంచే ఆర్‌ఎన్‌ఏ తీసి, ఆయన రక్తం నుంచి పెంచిన డెండ్రైటిక్ కణాల్లోకి ఎక్కించారు. డాలస్‌లో బేలర్ సంస్థలోని జాక్ బాన్‌షరో బృందం గడ్డ ప్రొటీన్ల ముక్కలతో ఇంకో టీకా కట్టింది. పాత స్నేహితుడు అయిరా మెల్‌మన్ జెనెన్‌టెక్‌లో గడ్డ కణాల్నే పెంచి, ఏ మందుకి లొంగుతాయో పరీక్షించాడు. జాన్స్ హాప్కిన్స్‌లో తయారైన జీవ్యాక్స్ అనే టీకా కూడా తీసుకున్నాడు. తన కణాన్ని నమ్మని లోకంతో ఏళ్ళ తరబడి పోరాడిన మనిషి కోసం, ఆ కణాన్ని నమ్మినవాళ్ళంతా చేతిలో పని పక్కనపెట్టి వచ్చారు. ఇందులో ఉన్నది సైన్సు ఒక్కటే కాదు. అంతమంది వచ్చినా, ఒక అడ్డు ఉంది.

దొంగచాటుగా చెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు.

తన ఒళ్ళే, తన కణమే, తన ల్యాబే. సూది పొడుచుకుంటే అడిగేదెవరు? అయినా సరే, ప్రతి టీకాకీ నైతిక కమిటీ అనుమతి, ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి కావాలన్నాడు. ఒక్క పేషెంటు కోసం పేజీలకి పేజీల కాగితాలు. ఆ భారం చాలావరకు సారా మోసింది. రోజుల పనిని గంటల్లోకి కుదించింది. అందరి తొందరా ఆయన్ని బతికించుకోవాలని. ఆయన తొందర వేరు: ఒక్కో టీకా తర్వాత ఆగి, రక్తం తీసి, టీ కణాలు కదిలాయో లేదో కొలవాలి. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఆయన దృష్టిలో మంచం మీద ఉన్నది పేషెంటు కాదు, ఒక ప్రశ్న.

కుర్చీలో వాలిపోయి గంటలు గంటలు. ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి, గిరగిరా తిరిగి తెల్లకణాలు విడిపోయి, మిగతాది రెండో చేతిలోకి. ఆ కణాలు పెట్టెల్లో గడ్డకట్టి విమానాలెక్కుతాయి. టీకాలై తిరిగొస్తాయి. సారా సూది తీసుకుంటుంది. గుచ్చినచోట ఎర్రగా వాచిందంటే ఆయన మొహం వెలిగిపోయేది. లోపల ఎవరో లేచారన్నమాట! మధ్యలో కీమో. 2007 సెప్టెంబరులో, ఆ నీరసంలోనే, నోబెల్‌కి ముందుమెట్టుగా చెప్పుకునే లాస్కర్ అవార్డు అందుకున్నాడు. తర్వాత మళ్ళీ ల్యాబ్.

ఏడాది గడిచింది. బతికే ఉన్నాడు. రెండో ఏడాది. మూడోది. సదస్సులకి తిరిగాడు, పేపర్లు రాశాడు, కుర్రాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టాడు. రక్తపరీక్షల్లో ఆయన టీ కణాలు కొన్ని ఆ గడ్డనే గుర్తుపడుతున్నాయని తేలింది. 2010లో, రోగి కణాలతోనే తయారయ్యే ప్రొవెంజ్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ టీకాకి అమెరికాలో అనుమతి వచ్చింది. దాని మూలం ఆయన కణమే. నాలుగో ఏడాది కూడా దాటింది. అందరూ మర్చిపోవడం మొదలుపెట్టారు. గడ్డ మాత్రం మర్చిపోలేదు.

2011 సెప్టెంబరు. చివరి వారం దాకా ల్యాబ్‌కి వచ్చాడు. తర్వాత న్యుమోనియా, ఆసుపత్రి. కుటుంబం మంచం చుట్టూ చేరింది. వచ్చే సోమవారం నోబెల్ ప్రకటిస్తారని కూతురు గుర్తుచేసింది. ఆయనకీ తెలుసు. పోయినవాళ్ళకి ఇవ్వరనీ తెలుసు. అందాకా పట్టుకుని ఉండాలన్నాడు.

సెప్టెంబరు 30, శుక్రవారం. ఊపిరి ఆగిపోయింది. 68 ఏళ్ళు.

ఇంట్లోవాళ్ళు వెంటనే ఎవరికీ చెప్పలేదు. శని, ఆదివారాలు తమకే దాచుకున్నారు. సోమవారం యూనివర్సిటీకి చెబుదామనుకున్నారు. అక్టోబరు 3, సోమవారం. న్యూయార్క్‌లో తెల్లవారుజామున 5:30, ఇంకా చీకటి. ఫోన్లన్నీ సైలెంట్‌లో ఉన్నాయి. క్లాడియా కళ్ళు తెరిచి, భర్త బ్లాక్‌బెర్రీ వైపు చూసింది. కొత్త ఈమెయిల్. స్టాక్‌హోం నుంచి. డాక్టర్ స్టైన్‌మన్‌కి శుభవార్త.

ఆమె పెట్టిన కేకకి ఇల్లంతా లేచింది.

అక్కడ స్టాక్‌హోంలో అప్పటికే పేర్లు చదివేశారు. సగం బహుమతి స్టైన్‌మన్‌కి, మిగతా సగం బ్రూస్ బాయిట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకి. కమిటీ కార్యదర్శి యోరన్ హాన్సన్ ఫోన్ చేస్తే స్టైన్‌మన్ ఎత్తలేదు. అప్పుడప్పుడూ అలా జరిగేదే. మధ్యాహ్నం రాక్‌ఫెల్లర్ నుంచి కబురొచ్చింది: ఆయన మూడు రోజుల కిందటే పోయాడు. అక్కడివాళ్ళు నివ్వెరపోయారు. 1974 నుంచి నిబంధన ఉంది. పోయినవాళ్ళకి నోబెల్ లేదు. ప్రకటించాక, అందుకునేలోపు పోతే మాత్రం ఇస్తారు. ప్రకటనకి ముందే పోయి, ఆ సంగతి ఎవరికీ తెలియకపోతే? అలాంటి కేసు కోసం ఎవరూ నిబంధన రాయలేదు. నోబెల్ ఫౌండేషన్ బోర్డు అత్యవసరంగా కూర్చుంది.

తెలిసి ఇచ్చింది కాదు, బతికున్నాడన్న నమ్మకంతో ఇచ్చింది. కాబట్టి బహుమతి నిలుస్తుంది. అదే రోజు తేల్చారు. నిబంధనని మనసు పెట్టి చదివితే ఇంకో తీర్పు రాదు. డిసెంబరు 10న స్టాక్‌హోంలో రాజు చేతుల మీదుగా క్లాడియా ఆ పతకం తీసుకుంది.

నాలుగున్నరేళ్ళు. టీకాలు నిలబెట్టాయా? కీమోనా? ఆపరేషన్ బాగా చేయడమా? ఆయన గడ్డే నెమ్మదైనదా? తన టీకాలేనని ఆయన నమ్మాడు. దగ్గరివాళ్ళు ఇప్పటికీ నమ్ముతారు. ఒక్క మనిషితో రుజువు కాదని ఆయనే అందరికంటే ముందు చెప్పేవాడు. ఆర్గోస్ టీకా కిడ్నీ క్యాన్సర్ మీద జరిగిన పెద్ద ప్రయోగంలో 2017లో విఫలమైంది. ఆ దెబ్బకి చాలామంది ఈ దారి వదిలేశారు.

అందరూ వదల్లేదు. రాక్‌ఫెల్లర్ ముందున్న యార్క్ అవెన్యూ దాటితే మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి. 2023లో అక్కడి బృందం పాంక్రియాస్ క్యాన్సర్ ఆపరేషనైన 16 మంది మీద ఒక టీకా ఫలితం ప్రకటించింది. ఎవరి గడ్డ నుంచి వాళ్ళకే వేరుగా తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకా. ఒంట్లోకి వెళ్ళాక దాన్ని అందుకుని టీ కణాలకి చూపించే పని డెండ్రైటిక్ కణాలదే. 8 మందిలో టీ కణాలు లేచాయి. మిగతా 8 మందిలో సగానికి ఏడాది దాటిన కొద్దికాలానికే వ్యాధి తిరగబెడితే, లేచినవాళ్ళలో సగానికి పైగా మందికి ఏడాదిన్నర గడిచినా తిరగబెట్టలేదు. తర్వాతి దశ ప్రయోగం ఇంకా ఎక్కువమందితో మొదలైంది. కొందరికి కీమోతో పాటు టీకా, కొందరికి కీమో ఒక్కటే. ఒక్క మనిషితో తేలని లెక్క అక్కడ తేలాలి.